గోదాములో పిండి ఉంది, రాజ్యం పోయింది: పెట్రోగ్రాడ్, 1917 ఫిబ్రవరి

పౌర సరఫరాల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ధాన్యం కొనుగోళ్లు, మిల్లర్లతో లెక్కలు, రేక్ (సరుకు రైలు) వచ్చినప్పుడు అర్ధరాత్రి స్టేషన్ దగ్గర కాపలా, ఎంఎల్‌ఎస్ పాయింట్ (మండల స్థాయి గోదాము) నుంచి రేషన్ డీలర్లకు లిఫ్టింగ్, అంటే సరుకు తరలింపు. ఇదే నా జీవితం. రిటైరయ్యాక తీరికగా చరిత్ర చదువుతూ ఒక లెక్క దగ్గర ఆగిపోయాను.

1917 ఫిబ్రవరిలో అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ఆడవాళ్లు రొట్టె కోసం రోడ్డెక్కారు. ఆ రోజుకి నగరంలో పది పన్నెండు రోజులకు సరిపడా పిండి నిల్వ ఉందని అక్కడి అధికారులే లెక్క చెప్పారు. ఎనిమిదో రోజుకల్లా జార్ రెండో నికొలాస్ సంతకం పెట్టి గద్దె దిగాడు. 304 ఏళ్ల రొమానోవ్ వంశ పాలన ముగిసింది.

చేతిలో పది రోజుల స్టాకు ఉంటే మా శాఖలో ఎవరికీ టెన్షన్ ఉండదు. అంత స్టాకు పెట్టుకుని ఒక రాజ్యం ఎలా కూలిపోయింది? విప్లవాల గురించి రాసేవాళ్లు సాధారణంగా సిద్ధాంతాల వైపు నుంచి వస్తారు. నేను స్టాకు రిజిస్టర్ వైపు నుంచి వచ్చాను. అందుకే ఈ కేసును నాకు తెలిసిన పద్ధతిలోనే విప్పుతున్నాను: సరుకు ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎవరు. తేదీలన్నీ అప్పటి రష్యా క్యాలెండర్ ప్రకారం ఇస్తున్నాను. అది మన క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక ఉండేది.

ధాన్యం లేక కాదు

మొదట తేల్చుకోవాల్సిన విషయం ఇది. ఆ దేశంలో పంట లేదా? ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రష్యా ప్రపంచంలోనే పెద్ద ధాన్యం ఎగుమతిదారుల్లో ఒకటి. నల్ల సముద్రం రేవుల నుంచి గోధుమలు డార్డనెల్స్ జలసంధి మీదుగా యూరప్‌కు వెళ్లేవి. 1914 చివర్లో టర్కీ శత్రుపక్షంలో చేరడంతో ఆ దారి మూసుకుపోయింది. బయటికి పోయే గింజంతా ఇంట్లోనే మిగలాలి. దానికి తోడు యుద్ధం మొదలవగానే జార్ వోద్కా అమ్మకాలు నిషేధించాడు. సారా బట్టీలకు పోయే ధాన్యం కూడా మిగలాలి. కాగితం మీద చూస్తే రష్యాలో తిండి పొంగిపొర్లాలి.

అయితే గింజ పల్లెలోనే ఉండిపోయింది. దాదాపు కోటిన్నర మంది మగవాళ్లు సైన్యంలోకి వెళ్లారు. కూలీల మీద నడిచే పెద్ద భూస్వాముల పొలాలు బీడు పడ్డాయి. మార్కెట్‌కు ఎక్కువ గింజలు వచ్చేది ఆ పొలాల నుంచే. చిన్న రైతు పండించాడు, కానీ అమ్మలేదు. అమ్మి ఏం కొనాలి? ఫ్యాక్టరీలన్నీ తుపాకి గుళ్లు, ఫిరంగులు చేస్తున్నాయి. నాగలి కర్రు లేదు, మేకులు లేవు, గుడ్డ లేదు. చేతికొచ్చేది కాగితపు రూబుల్. దాని విలువ నెలనెలా కరిగిపోతోంది. ఖజానా రాబడిలో నాలుగో వంతుకు పైగా వోద్కా నుంచే వచ్చేది. నిషేధంతో అది ఒక్కసారిగా పోయింది, యుద్ధం ఖర్చు మాత్రం ఆకాశానికి ఎక్కింది. నోట్లు అచ్చు వేసి నెట్టుకొచ్చారు. 1917 నాటికి ధరలు యుద్ధానికి ముందున్నదానికి మూడు నాలుగు రెట్లయ్యాయి.

1916 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ధాన్యానికి ధర కట్టేసింది. రైతు కొనే వస్తువులకు మాత్రం ఏ కట్టూ లేదు. ఏ ఊరి రైతైనా అప్పుడు ఒకటే చేస్తాడు. గాదె మూస్తాడు. పశువులకు పెడతాడు, వచ్చే ఏడాదికి దాస్తాడు. మా దగ్గర కొనుగోలు కేంద్రాల్లో తేమ శాతం దగ్గర, తాలు దగ్గర రైతుతో పేచీ పడిన ప్రతి ఉద్యోగికీ ఈ సంగతి తెలుసు. రైతును తిట్టి లాభం లేదు. అతను లెక్క తెలిసినవాడు. ఆ ఏడాది నవంబర్ చివర్లో వ్యవసాయ శాఖ పగ్గాలు చేపట్టిన రిట్టిఖ్ ఒక్కో ప్రాంతానికి ఇంత ధాన్యం ఇవ్వాలని కోటా వేశాడు. ఆలోచన చెడ్డది కాదు. అప్పటికే ఆలస్యమైంది, పైగా గాదెలు తెరిపించే యంత్రాంగం అతని చేతిలో లేదు.

సరుకు ఆగిన చోటు

పెట్రోగ్రాడ్ ఎక్కడుందో పటంలో చూడండి. దేశానికి వాయవ్య మూల, బాల్టిక్ తీరాన. గింజ పండే నల్లరేగడి నేలలు దక్షిణాన, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఇరవై లక్షలు దాటిన జనాభా. యుద్ధ ఫ్యాక్టరీల కోసం ఏటా కొత్త కూలీలు వచ్చి చేరుతూనే ఉన్నారు.

ఈ నగరానికి యుద్ధానికి ముందు బొగ్గు బ్రిటన్ నుంచి ఓడల మీద వచ్చేది. బాల్టిక్ సముద్రాన్ని జర్మన్లు కట్టడి చేయడంతో అదీ ఆగింది. ఇక దక్షిణాన దోనెత్స్ గనుల నుంచి రైలు మీద తెచ్చుకోవాలి. అంటే ముందు సముద్రం మోసిన బరువు కూడా ఇప్పుడు రైలు మీద పడింది. అదే పట్టాల మీద సైన్యం, మందుగుండు, గాయపడినవాళ్లు, 1915లో పోలండ్ వదిలి వెనక్కి వచ్చిన లక్షల మంది శరణార్థులు. పిండికి వ్యాగన్ ఇస్తే బొగ్గు ఆగుతుంది. బొగ్గుకు ఇస్తే పిండి ఆగుతుంది. రేక్ కోసం నెలల తరబడి రైల్వేవాళ్ల వెంటపడినవాణ్ణి కాబట్టి ఈ భాగం చదువుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి.

1917 జనవరి, ఫిబ్రవరి నెలల్లో విపరీతమైన చలి. ఇంజన్ల బాయిలర్ గొట్టాలు గడ్డకట్టి పగిలిపోయాయి. వెయ్యికి పైగా ఇంజన్లు మూలపడ్డాయి. పిండి, కట్టెలు నింపుకున్న వ్యాగన్లు వేల సంఖ్యలో మంచులో నిలిచిపోయాయి.

ఆఖరి మెట్టు బేకరీ. పిండి చేరినా పొయ్యికి కట్టెలు కావాలి, పిసకడానికి మనుషులు కావాలి. రెండూ తక్కువే. కొందరు బేకరీవాళ్లు తమ కోటా పిండిని ఎక్కువ ధరకు పక్కదారి పట్టించారన్న ఆరోపణలూ ఉన్నాయి. అందుకే గోదాములో పిండి ఉన్నా బేకరీ అరమీద రొట్టె లేదు. స్టాకు రిజిస్టర్‌లో ఈ తేడా కనిపించదు. రిజిస్టర్ గోదాము తలుపు దగ్గరే ఆగిపోతుంది.

తోకలు

పెట్రోగ్రాడ్ జనం రొట్టె క్యూలను 'హ్వోస్తీ' అనేవారు. అంటే తోకలు. రాత్రి చీకటిలోనే శాలువాలు కప్పుకుని మంచులో నిలబడేవారు. ఫ్యాక్టరీలో పది పన్నెండు గంటలు పనిచేసే ఆడమనిషి వారానికి 40 గంటల దాకా క్యూలోనే గడిపేదని ఒక అంచనా. చాలామంది భర్తలు యుద్ధంలో. ఇంట్లో పిల్లలు. అంతసేపు నిలబడ్డాక తలుపు మూసేసి 'అయిపోయింది, రేపు రండి' అంటారు.

క్యూ గురించి నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను. ఒక ఏప్రిల్‌లో మా పరిధిలోని ఒక పట్టణంలో హమాలీల కూలి రేట్ల పేచీతో లిఫ్టింగ్ ఆగింది. గోదాములో బియ్యం ఉన్నాయి. పైవాళ్లు ఫోన్ చేస్తే 'స్టాక్ అవైలబుల్' అని రిపోర్ట్ పెట్టాను. అబద్ధం కాదు. మూడో రోజు ఉదయం ఒక షాపుకి వెళ్తే మనుషులు లేరు, క్యూ మాత్రం ఉంది. ఖాళీ సంచులు, వాటి మీద రాళ్లు, ఒకచోట తెగిపోయిన హవాయి చెప్పు, దాని కింద మడిచిన కార్డు. ఎండకు తట్టుకోలేక ఆడవాళ్లు ఎదురుగా వేపచెట్టు కింద కూర్చున్నారు. నన్ను చూడగానే అందరూ ఒక్కసారి లేచారు. 'ఈ నెల సగమే ఇస్తారట గదా' అని ఒకామె. 'ఇక్కడి బియ్యం వేరే ఊరికి పంపేశారట గదా' అని ఇంకొకామె. ఈ రెండు మాటలూ ఎక్కడ పుట్టాయో నాకు ఈ రోజుకీ తెలియదు. స్టాకు ఉందని నేను ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? వాళ్ల సంచులు ఖాళీగా కళ్లముందే ఉన్నాయి. డీలర్ బోర్డు మీద సుద్దముక్కతో లారీ నంబర్, బస్తాల సంఖ్య, తేదీ రాసి, కింద నా పేరు, ఫోన్ నంబర్ రాశాను. అప్పుడు కొందరు ఇళ్లకు వెళ్లారు. మర్నాడు లారీ రాకపోతే బోర్డు మీద పేరున్నవాణ్ణి పట్టుకోవచ్చు, అంతే. వాళ్లకు కావాల్సింది ఆ పట్టే.

పెట్రోగ్రాడ్‌లో ఫిబ్రవరి నెలలోనే మార్చి 1 నుంచి రొట్టెకు కార్డులు పెడుతున్నారని తెలిసింది. మంచి ఉద్దేశంతో చేసిన పనే. కానీ ముందు చెప్పి తర్వాత అమలుపెట్టే ఏ రేషన్ అయినా ఆ మధ్య రోజుల్లో షాపులను ఖాళీ చేయిస్తుంది. జనం దొరికినంత కొని, ఎండబెట్టి రస్కులు చేసి దాచుకున్నారు. తోకలు ఇంకా పెరిగాయి.

బోర్డు మీద పేరు ఎవరిది?

నా దృష్టిలో కేసు అంతా ఇక్కడే ఉంది.

కొరత ఎన్నో రాజ్యాల్లో వచ్చింది. ఆ చలికాలమే జర్మనీలో బంగాళదుంప పంట పోయి జనం పశువులకు వేసే టర్నిప్ దుంపలు తిన్నారు. ఆకలి పెట్రోగ్రాడ్ కంటే బెర్లిన్‌లోనే ఎక్కువ. అయినా అక్కడి చక్రవర్తి కైజర్ సింహాసనం 1918 నవంబర్ దాకా నిలిచింది. అక్కడ 1915 మొదట్లోనే రొట్టె కార్డులు వచ్చాయి. మునిసిపాలిటీలు, పార్లమెంటు పార్టీలు, యూనియన్లు ఆ భారంలో పాలు పంచుకున్నాయి. తిట్లలో కూడా పాలు పంచుకున్నాయి. ఆకలి ఒక్కటే రాజ్యాన్ని కూల్చుతుందనేవాళ్లు ఈ తేడాకు జవాబు చెప్పాలి.

రష్యాలో ఆ మధ్య మెట్లన్నీ రాజే తీసేశాడు. 1905 విప్లవం నడుస్తుండగా అక్టోబర్ ప్రకటనతో దూమా అనే పార్లమెంటు ఇచ్చాడు. ఇచ్చిన వెంటనే దాని అధికారాలు కోస్తూ వచ్చాడు. 1907లో ఎన్నికల చట్టాన్నే మార్చి తనకు అనుకూలమైన సభ తెచ్చుకున్నాడు. 1915 వేసవిలో సైన్యం ఓడుతూ వెనక్కి వస్తుంటే దూమాలో మితవాదులు, ఉదారవాదులు కలిసి ప్రోగ్రెసివ్ బ్లాక్‌గా ఏర్పడ్డారు. వాళ్లు విప్లవం అడగలేదు. ప్రజల నమ్మకం ఉన్న మంత్రివర్గం అడిగారు. అంటే భారం మేమూ మోస్తాం అన్నారు. రాజు సభను వాయిదా వేశాడు. ఆ ఏడాది ఆగస్టులోనే మంత్రులు చాలామంది వద్దని ఉత్తరం రాసినా వినకుండా సర్వసేనాధిపత్యం తానే తీసుకుని మొగిల్యోవ్‌లోని సైనిక కేంద్రానికి వెళ్లిపోయాడు. ఇక యుద్ధంలో ప్రతి ఓటమీ ఆయన ఓటమే.

రాజధానిలో మహారాణి అలెగ్జాండ్రా మాట, ఆమె నమ్మిన సాధువు రాస్పుటిన్ మాట నడిచాయి. 1916 జనవరి నుంచి 1917 ఫిబ్రవరి వరకు నలుగురు ప్రధానమంత్రులు: గొరెమికిన్, స్ట్యూర్మర్, ట్రెపోవ్, గొలిత్సిన్. ఆఖరాయన వయసు మీదపడిందని, ఈ పదవి వద్దని రాజును వేడుకున్నాడు. తిండి సంగతి చూడాల్సిన వ్యవసాయ శాఖకే 1916లో ముగ్గురు మారారు: నౌమోవ్, బొబ్రిన్‌స్కీ, రిట్టిఖ్. కిందిస్థాయిలో పనిచేసినవాడిగా చెప్తున్నాను, ఆఫీసర్ మారితే కనీసం రెండు నెలల పని పోతుంది. కొత్తాయన ఫైళ్లు చదివేలోపు పంటకాలం దాటిపోతుంది. అప్పుడే హోంమంత్రి ప్రొటొపోపోవ్ ఆహార సరఫరా తన శాఖకు ఇవ్వాలని పట్టుబట్టాడు. తిండికి ఒక ప్రత్యేక మండలి, ఇంధనానికి ఒకటి, రవాణాకు ఒకటి, రక్షణకు ఒకటి. పొయ్యిలో కట్టె లేక రొట్టె కాలకపోతే అది ఎవరి తప్పు? ఏ మండలీ తనది అనదు. ఇక మిగిలింది రాజు ఒక్కడే.

1916 నవంబర్ 1న దూమాలో ఉదారవాదుల నాయకుడు మిల్యుకోవ్, ప్రభుత్వం చేసిన తప్పులను ఒక్కొక్కటిగా చదివి, ప్రతిసారీ ఇది తెలివితక్కువతనమా, ద్రోహమా అని అడిగాడు. పత్రికల్లో ఆ ప్రసంగాన్ని ఆపేశారు. చేతిరాతల్లో, టైపు కాపీల్లో దేశమంతా తిరిగింది. మహారాణి పుట్టుకతో జర్మన్ కావడంతో జనం రెండో మాటనే నమ్మారు. అది అన్యాయమే, ఆమె ద్రోహి అనడానికి ఆధారం లేదు. కానీ ఖాళీ సంచి ముందు ఆధారాలు ఎవరడుగుతారు? డిసెంబర్‌లో రాస్పుటిన్‌ను రాజ బంధువులు, ఒక దూమా సభ్యుడు, ఇంకొందరు కలిసి చంపారు. దానివల్ల క్యూలో ఒక్క రొట్టె కూడా పెరగలేదు.

రహస్య పోలీసు ఈ సంగతి పసిగట్టింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. 1917 జనవరి నాటి వాళ్ల నివేదిక, క్యూల్లో నిలబడి అలసిపోయిన తల్లులు మిల్యుకోవ్ లాంటి నాయకుల కంటే విప్లవానికి దగ్గరగా ఉన్నారని, ఒక్క నిప్పురవ్వ చాలని హెచ్చరించింది. ఎవరో ఒక ఉద్యోగి ఎంతో నిజాయితీగా రాసిన కాగితం అది. పైన చదివి పనిచేసేవాడు లేడు.

ఎనిమిది రోజులు

ఫిబ్రవరి 22న రెండు పనులు జరిగాయి. కూలి పెంపు గొడవలో పుతిలోవ్ ఫ్యాక్టరీ యాజమాన్యం గేట్లు మూసి వేల మంది కార్మికులను బయటికి పంపింది. అదే రోజు రాజు రైలెక్కి మళ్లీ మొగిల్యోవ్ వెళ్లాడు.

23న అంతర్జాతీయ మహిళా దినోత్సవం. నగరంలోని వైబోర్గ్ అనే కార్మిక ప్రాంతంలో బట్టల మిల్లుల్లో ఆడవాళ్లు పని ఆపి బయటికొచ్చారు. పక్కనున్న నోబెల్ ఇంజనీరింగ్ ఫ్యాక్టరీ కిటికీలకు మంచు ఉండలు విసిరి మగవాళ్లనూ రమ్మని పిలిచారు. 'హ్లేబా!', రొట్టె కావాలి, అని కేకలు. ఆ రోజు వీధిలోకి వచ్చినవాళ్లు 80, 90 వేలు. మర్నాటికి దాదాపు రెండింతలు. నది మీద వంతెనలను పోలీసులు అడ్డుకుంటే గడ్డకట్టిన నేవా మీదుగా నడిచి నగరం నడిబొడ్డుకు చేరారు.

నగర సైనిక కమాండర్ జనరల్ ఖబాలోవ్ నోటీసు వేయించాడు: పిండి సరిపడా ఉంది, జనం రస్కుల కోసం ఎక్కువగా కొంటున్నారు కాబట్టే కొరత కనిపిస్తోంది. వేపచెట్టు కింద నేను చెప్పిన మాటే ఇది. ఆయన చెప్పినదీ పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ నోటీసులో రేపు ఏ బేకరీకి ఎన్ని బస్తాలు వస్తాయో లేదు. రాకపోతే ఎవర్ని అడగాలో లేదు.

25న మహారాణి భర్తకు రాసిన ఉత్తరంలో ఇదంతా పోకిరీ మూకల గొడవ అని, చలి ఎక్కువగా ఉంటే వాళ్లంతా ఇళ్లలోనే ఉండేవాళ్లని రాసింది. ఆ రాత్రి రాజు నుంచి ఖబాలోవ్‌కు టెలిగ్రాం: రేపే రాజధానిలో అల్లర్లు ఆగాలి. వందల కిలోమీటర్ల దూరం నుంచి, పిండి గురించి ఒక్క మాట లేకుండా. దాంతో 26 ఆదివారం నాడు సైనికులు కాల్పులు జరిపారు. ఒక్క జ్నామెన్‌స్కయా చౌక్‌లోనే పదుల మంది చనిపోయారు.

నగరంలో లక్షన్నరకు పైగా సైనికులు కిక్కిరిసిన బారకాసుల్లో ఉన్నారు. ఎక్కువమంది రిజర్వులు, నిన్నటి దాకా నాగలి పట్టినవాళ్లు. 26న కాల్చమంటే కాల్చిన వోలిన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళం ఆ రాత్రంతా మాట్లాడుకుంది. సార్జెంట్ కిర్పిచ్నికోవ్, అతని సహచరులు ఇక జనం మీద కాల్చకూడదని నిర్ణయించుకున్నారు. 27 ఉదయం తమ కెప్టెన్‌ను చంపి, పక్క రెజిమెంట్లను పిలుస్తూ బయటికొచ్చారు. సాయంత్రానికి వేల వేల తుపాకులు జనం పక్షాన ఉన్నాయి. విప్లవ నాయకులు చాలామంది అప్పటికి జైళ్లలో, ప్రవాసంలో ఉన్నారు. లెనిన్ స్విట్జర్లాండ్‌లో. ఎవరో కుట్ర పన్ని చేశారనే మాట నేను ఒప్పుకోను.

దూమా అధ్యక్షుడు రొడ్జియాంకో ప్రజల నమ్మకం ఉన్న ప్రభుత్వాన్ని వెంటనే ఏర్పాటు చేయమని టెలిగ్రాంల మీద టెలిగ్రాంలు పంపాడు. రాజు జవాబివ్వలేదు. రాజభక్తుడైన ఆ మనిషి అంతగా మొరపెట్టుకున్నాడంటే అది ఆఖరి తలుపు. అదీ మూసేశారు. 28న దూమా సభ్యుడు, రైల్వే ఇంజనీరు బుబ్లికోవ్ రైల్వే శాఖ టెలిగ్రాఫ్‌ను చేతిలోకి తీసుకుని పాత ప్రభుత్వం పడిపోయిందని దేశంలోని స్టేషన్లన్నిటికీ వార్త కొట్టాడు. రాజధానికి బయల్దేరిన రాజు రైలు మధ్యలో మలయా విషేరా దగ్గర ఆగి ప్స్కోవ్‌కు తిరిగింది. మార్చి 2న రాజు కింద సైన్యాన్ని నడిపే చీఫ్ ఆఫ్ స్టాఫ్ జనరల్ అలెక్సేయెవ్ ఫ్రంట్ కమాండర్లందరి అభిప్రాయం అడిగాడు. గద్దె దిగమన్నారు. రైలు పెట్టెలోనే సంతకం జరిగింది. రాజు సింహాసనం ఇచ్చిన తమ్ముడు మిఖాయిల్ మర్నాడు తీసుకోనన్నాడు.

తర్వాత స్టాకు

కాల్పులు ఇంకా ఆగకముందే, 27 సాయంత్రమే ఏర్పడిన సోవియట్ (కార్మికులు, సైనికుల ప్రతినిధుల మండలి) మొదట వేసిన కమిటీల్లో ఒకటి ఆహార కమిషన్. అర్థశాస్త్రవేత్త గ్రొమన్ దాని పెద్ద. వాళ్లు మొదట చేసిన పని నగరంలో ఎంత పిండి ఉందో లెక్క చూడడం. ఆ సంగతి చదివినప్పుడు ఆ మనుషుల మీద నాకు ఒక ఆత్మీయత కలిగింది. ఊరంతా తుపాకులు పట్టుకుని తిరుగుతుంటే ఒక గదిలో కొందరు బస్తాలు లెక్కపెడుతున్నారు.

మార్చి 25న, రాజు స్థానంలో వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం రాజు హయాంలో సగంలో ఆగిన పనిని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి ధాన్యం కొనుగోలు మొత్తం ప్రభుత్వ గుత్తాధిపత్యం చేసింది. రాజధానిలో రొట్టె కార్డులూ వచ్చాయి. రైతుకు కావాల్సిన మేకులు, గుడ్డ మాత్రం ఇంకా లేవు. యుద్ధం ఆగలేదు, ఇంజన్లు బాగుకాలేదు. వేసవి దాటేసరికి కార్డు మీద ఇచ్చే రొట్టె తగ్గుతూ వచ్చింది. అక్టోబర్ నాటికి అవే బేకరీల ముందు అవే తోకలు, అప్పటికి కొత్త మంత్రులు కూర్చున్న శీతాకాల సౌధం వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి.